పరాయి గడ్డకు సైన్యం: ఒక దేశపు విధానం మారిందో లేదో తేల్చి రాయడం ఎలా

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు పట్టణాల్లో గ్రూప్‌-1కూ సివిల్స్‌కూ చదువుతున్న పిల్లల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఒక వాక్యం నాకు తరచుగా కనబడుతుంది: “భారతదేశం స్వభావరీత్యా శాంతికాముక దేశం కనుక ఒకప్పుడు విదేశాలకు సైన్యాన్ని పంపేది కాదు, ఇప్పుడు ప్రపంచ శక్తిగా ఎదుగుతున్నందున ఆ విధానాన్ని మార్చుకుంది.” వినడానికి నిండుగా ఉన్న ఈ వాక్యంలో మొదటి సగం చరిత్రకు విరుద్ధం, రెండో సగానికి ఆధారం లేదు. 1950లో కొరియాకు, 1956లో గాజాకు, 1960లో కాంగోకు మన సైనికులు వెళ్లారు. ఐక్యరాజ్య సమితి శాంతి దళాల్లో ఇంతవరకు పనిచేసిన భారతీయులు 2 లక్షల 90 వేలకు పైమాటే. వారిలో సుమారు 180 మంది తిరిగి రాలేదు. కాబట్టి “పంపేది కాదు, ఇప్పుడు పంపుతోంది” అనే చట్రంలో ఈ విషయం ఇమడదు. ఏ దేశమైనా ఏ షరతు మీద పంపుతుంది, ఆ షరతు ఎప్పుడు, ఎందువల్ల సడలింది లేదా బిగిసింది అన్నదే అసలు ప్రశ్న. దాన్ని తేల్చే పద్ధతిని, నేను తరగతిలో చెప్పే క్రమంలోనే, ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా మన దేశానివి. పోల్చి చూడటానికి జపాన్, జర్మనీ, తుర్కియే.

ముందుగా ప్రశ్నను విడగొట్టండి

సైన్యం సరిహద్దు దాటడం అనేది ఒకే రకం పని కాదు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి తీర్మానం చేసి, నీలి టోపీలు పెట్టించి పంపడం ఒక తీరు. అక్కడి ప్రభుత్వమే ఆహ్వానించగా ఇద్దరి మధ్య ఒప్పందంతో వెళ్లడం రెండో తీరు. ఒక పెద్ద దేశం నాయకత్వంలో కొన్ని దేశాలు కూటమి కట్టి వెళ్లడం మూడోది. తన పౌరులనో తన వాణిజ్య నౌకలనో కాపాడుకోవడానికి, ఎవరి కూటమిలోనూ చేరకుండా వెళ్లడం నాలుగోది. ఒకే దేశం మొదటిదానికి ఉత్సాహంగా ముందుకు వచ్చి, మూడోదానికి ససేమిరా అనవచ్చు. ఈ నాలుగింటినీ కలిపేసి “విదేశీ సైనిక చర్యలు” అని ఒకే మాట రాసిన క్షణంలోనే జవాబు దారి తప్పుతుంది. 1971 నాటి బంగ్లాదేశ్ యుద్ధాన్ని ఈ లెక్కలో చేర్చకండి. అది రెండు దేశాల మధ్య జరిగిన యుద్ధం, దాని ప్రశ్నలు వేరు.

ఒక్కో దళానికి ఒక్కో పేజీ

పెద్ద సైజు నోటుపుస్తకం ఒకటి తీసుకుని, సైన్యం వెళ్లిన ప్రతి సందర్భానికీ ఒక పేజీ కేటాయించండి. పేజీ మీద రాయవలసినవి: ఎవరు అడిగారు, ఇక్కడ ఎవరు నిర్ణయించారు, ఏ కాగితం ఆధారంగా వెళ్లారు, ఆయుధం వాడే అధికారం ఎంతవరకు ఇచ్చారు, ఎందువల్ల తిరిగి వచ్చారు. నాలుగో అంశాన్ని అందరూ వదిలేస్తారు. నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ప్రభుత్వాలు ఉపన్యాసాల్లో చెప్పని సంగతి ఆ ఒక్క అంశంలో బయటపడుతుంది.

కొరియా పేజీ చిన్నది. 1950లో భారత్ పోరాట దళాన్ని పంపలేదు. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని పంపింది. యుద్ధం ఆగిన తర్వాత 1953లో, స్వదేశానికి తిరిగి వెళ్లడానికి ఇష్టపడని యుద్ధఖైదీల సంగతి చూసే తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షత వహించారు. గాయానికి కట్టు కట్టడం, ఇద్దరి మధ్య నిలబడటం: ఆనాటి హద్దు అంతవరకే.

కాంగో పేజీ పెద్దది, జాగ్రత్తగా నింపాలి. 1960లో ఐరాస దళం అక్కడికి వెళ్లినప్పుడు భారత్ మొదట వైద్యం, సరఫరా వంటి సహాయక సిబ్బందితో సరిపెట్టింది. 1961 జనవరిలో, అప్పటికే పదవి నుంచి తొలగించిన ప్రధాని లుముంబా హత్య జరిగింది. ఫిబ్రవరి 21న భద్రతా మండలి, అంతర్యుద్ధాన్ని ఆపడానికి చివరి మార్గంగా బలప్రయోగానికి కూడా అనుమతిస్తూ తీర్మానించింది. ఆ తీర్మానం తర్వాతే నెహ్రూ ప్రభుత్వం ఒక పూర్తి బ్రిగేడును పంపింది. అదే ఏడాది డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో రోడ్డు దిగ్బంధాన్ని ఛేదిస్తూ కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా ప్రాణాలు విడిచారు. ఆయనకు పరమవీర చక్రం ఇచ్చారు. మన కాన్‌బెర్రా బాంబర్లు కూడా అక్కడ పనిచేశాయి. నెహ్రూ యుగం అనగానే అహింస అని రాసేసేవారు ఈ పేజీని రెండుసార్లు చదవాలి. షరతు బలప్రయోగం గురించి కాదని, బలప్రయోగానికి అనుమతి ఎవరు ఇచ్చారన్న దాని గురించి అని ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

దీని పక్కన శ్రీలంక పేజీ పెట్టి చూడండి. 1987 జులై 29న ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. పోరు ఆపించడానికి అవసరమైతే శ్రీలంక అధ్యక్షుడు భారత శాంతి దళాన్ని ఆహ్వానించవచ్చునని దాని అనుబంధంలో ఉంది. ఐరాస తీర్మానం లేదు, నీలి టోపీ లేదు. ఆయుధాలు అప్పగించవలసిన తమిళ తిరుగుబాటు సంస్థ ఎల్‌టీటీఈ ఆ ఒప్పందంలో సంతకందారు కాదు. ఆయుధాల అప్పగింతను పర్యవేక్షించడానికి వెళ్లిన సైన్యం అక్టోబరు నాటికి జాఫ్నా వీధుల్లో యుద్ధం చేయవలసి వచ్చింది. అంటే మన నోటుపుస్తకంలోని నాలుగో అంశం మూడు నెలల్లోపే తలకిందులైంది. శాంతి దళం పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. తర్వాత అధ్యక్షుడైన ప్రేమదాస 1989లో ఆ దళాన్ని వెళ్లిపొమ్మన్నారు. వి.పి. సింగ్ ప్రభుత్వ కాలంలో, 1990 మార్చిలో, చివరి సైనికులు తిరిగి వచ్చారు. సుమారు 1,200 మంది జవాన్లు అక్కడ చనిపోయారు. ఆహ్వానించిన ప్రభుత్వం మారితే ఆహ్వానమే మారిపోతుందన్న పాఠానికి అయిన ఖరీదు అది, ఆ ఖరీదును తలచుకోకుండా ఆ తర్వాతి మూడు దశాబ్దాల భారత విధానం అర్థం కాదు. ఆహ్వానం మీదనే వెళ్లి విజయవంతంగా తిరిగి వచ్చిన 1988 నవంబరు నాటి మాల్దీవుల చర్యను కూడా ఇదే పేజీ వెనుక రాసుకోండి: పని చిన్నది, గడువు స్పష్టం, రావడం తొందరగా జరిగింది.

1990 తర్వాత సొమాలియాకు, సియెర్రా లియోన్‌కు, కాంగోకు మళ్లీ, దక్షిణ సూడాన్‌కు మన దళాలు వెళ్లాయి. అన్నీ ఐరాస జెండా కిందనే. ఆ జెండా కింద కూడా తుపాకీ మౌనంగా లేదు. సియెర్రా లియోన్‌లోని కైలాహున్‌లో తిరుగుబాటుదారుల ముట్టడిలో చిక్కుకున్న రెండు వందల మందికి పైగా మన సైనికులను 2000 జులైలో ‘ఆపరేషన్ ఖుక్రీ’ ద్వారా పోరాడి విడిపించారు.

నిర్ణయం ఎవరి చేతిలో ఉంది

రెండో అంశానికి రాజ్యాంగం తెరవాలి. మన రాజ్యాంగం 53వ అధికరణం సాయుధ బలగాల సర్వోన్నతాధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. ఆచరణలో అది మంత్రిమండలి నిర్ణయం. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో రక్షణ, విదేశీ వ్యవహారాలు, ఐక్యరాజ్య సమితి, యుద్ధం, శాంతి అన్నీ ఉన్నాయి. సైన్యాన్ని విదేశానికి పంపేముందు పార్లమెంటు ఆమోదం తీసుకోవాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు. ప్రధాని అధ్యక్షతన రక్షణ, హోం, ఆర్థిక, విదేశాంగ మంత్రులు కూర్చునే భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘమే అసలు వేదిక. అందువల్ల మన దేశంలో విధానం మారడం చట్టంలో కనబడదు, నడతలో కనబడుతుంది. వెళ్లిన సందర్భాలనూ వెళ్లని సందర్భాలనూ వరుసగా పేర్చి చూడటం తప్ప మరో దారి లేదు.

జర్మనీలో ఇందుకు భిన్నం. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1994 జులై 12న, నాటో కూటమి సరిహద్దులకు బయట సైన్యాన్ని వాడవచ్చునని, అయితే ముందుగా పార్లమెంటు ఆమోదం ఉండాలని తీర్పు చెప్పింది. 2001 నవంబరులో అఫ్గానిస్థాన్ విషయంలో ఛాన్సలర్ ష్రోడర్ సొంత కూటమి సభ్యులే వెనుకాడితే, ఆ ఓటును తన ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానంతో ముడిపెట్టి నెగ్గారు. కాబట్టి జర్మనీ గురించి రాసేవారు ఓట్ల వివరాలు వెతకాలి.

తుర్కియేలో 2003 మార్చి 1న జరిగింది ఇంకా ఆసక్తికరం. ఇరాక్ మీద ఉత్తరం వైపు నుంచి దాడికి అమెరికా సైన్యానికి దారి ఇవ్వాలన్న ప్రతిపాదనకు అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు పడ్డాయి. అయినా 19 మంది తటస్థంగా ఉండటంతో, హాజరైనవారిలో సగానికి మించి మద్దతు లేదని ప్రతిపాదన వీగిపోయింది. నిర్ణయ విధానంలోని ఒక చిన్న నియమం ఒక యుద్ధ పథకాన్నే మార్చివేసింది.

జపాన్‌లో చట్టాల తేదీలు చూడాలి. యుద్ధాన్ని త్యజించే 9వ అధికరణం 1947 నుంచి అలాగే ఉంది, ఒక్క అక్షరం మారలేదు. మారినవన్నీ దాని చుట్టూ ఉన్న చట్టాలే. 1991 గల్ఫ్ యుద్ధానికి 13 బిలియన్ డాలర్లు ఇచ్చినా, కువైట్ పత్రికా ప్రకటనలో కృతజ్ఞతలు చెప్పిన దేశాల జాబితాలో తన పేరు కనబడకపోవడం జపాన్ నాయకులను బాగా కలచివేసింది. 1992 జూన్‌లో శాంతి పరిరక్షణ చట్టం తెచ్చి కంబోడియాకు పంపారు. కాల్పుల విరమణ ఉండాలి, ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి, లేకుంటే తిరిగి రావాలి అని షరతులు పెట్టుకున్నారు. 2003లో చేసిన ప్రత్యేక చట్టంతో ఇరాక్‌లోని సమావాకు సుమారు 600 మందిని పంపారు. వారు నీటి సరఫరా, రోడ్లు, బడుల పనులు చూసేవారు. వారికి కాపలా మొదట డచ్ సైనికులు, తర్వాత ఆస్ట్రేలియన్లు కాశారు. పోరాటం చేయకూడదన్న షరతు ఎంత గట్టిదో ఈ ఒక్క దృశ్యం చెబుతుంది. 2014 జులైలో మంత్రివర్గం 9వ అధికరణానికి కొత్త వ్యాఖ్యానం ఇచ్చి, ఉమ్మడి ఆత్మరక్షణకు, అంటే దాడికి గురైన మిత్రదేశానికి తోడుగా బలం వాడటానికి, పరిమితంగా దారి తెరిచింది. 2015 సెప్టెంబరులో చట్టాలు వచ్చాయి. కొత్త అధికారంతో దక్షిణ సూడాన్‌లో పనిచేసిన దళాన్ని 2017 మేలోనే వెనక్కి పిలిచారు. చట్టం ముందుకు వెళ్లి నడత వెనక్కి తగ్గిన ఇలాంటి చోట్లను గుర్తించినవారి జవాబుకు బరువు వస్తుంది.

కాదన్న సందర్భాలను వదలకండి

వెళ్లిన చోట్లకంటే వెళ్లనన్న చోటే షరతు స్పష్టంగా కనబడుతుంది. 2003లో ఇరాక్‌ను ఆక్రమించిన తర్వాత, అక్కడ ఒక డివిజన్ సైన్యాన్ని ఉంచవలసిందిగా అమెరికా భారత్‌ను కోరింది. ఢిల్లీలో వాదోపవాదాలు వారాల తరబడి నడిచాయి. పంపితే అమెరికాతో బంధం బలపడుతుందన్న వాదన ప్రభుత్వంలోనూ పత్రికల్లోనూ గట్టిగానే వినిపించింది. యుద్ధాన్ని తప్పుబడుతూ లోక్‌సభ ఏప్రిల్‌లోనే తీర్మానించి ఉంది. చివరికి జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వపు భద్రతా సంఘం పంపకూడదని నిర్ణయించింది. ఐరాస నుంచి స్పష్టమైన ఆదేశం ఉంటే పరిశీలించగలమని, గల్ఫ్ ప్రాంతంతో మనకున్న చిరకాల సంబంధాలను దృష్టిలో ఉంచుకున్నామని ఆ ప్రకటన చెప్పింది.

గల్ఫ్ సంబంధాలంటే ఏమిటో మన జిల్లాల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. కువైట్‌లో పనిచేసి ఇల్లు కట్టుకున్నవారు, కూతురి పెళ్లి చేసినవారు ఇక్కడ ఊరూరా ఉన్నారు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1 లక్షా 70 వేల మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తేవలసి వచ్చింది. ఒక అరబ్బు దేశాన్ని ఆక్రమించిన సైన్యానికి తోడుగా నిలబడితే ఆ కూలీల బతుకు ఏమవుతుందన్న ఆలోచన విదేశాంగ విధానంలో భాగమే. జవాబులో ఈ కోణం రాసినవారు నాకు చాలా తక్కువగా కనబడ్డారు.

ఒప్పుకున్న తర్వాత మనసు మార్చుకున్న సందర్భాలు వేరు. 2004 మార్చి 11 మాడ్రిడ్ రైలు పేలుళ్ల తర్వాత జరిగిన ఎన్నికల్లో గెలిచిన జపతెరో, ముందే ఇచ్చిన మాట ప్రకారం, ఇరాక్ నుంచి స్పెయిన్ సైన్యాన్ని రప్పించారు. అఫ్గానిస్థాన్‌లో గడువు పొడిగించాలా వద్దా అన్న గొడవ మీద 2010 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్ ప్రభుత్వమే కూలిపోయింది. ఈ రెండింటినీ ఒక్కో వాక్యంలో వాడుకుంటే చాలు.

సముద్రం వైపు చూడండి

భారత విధానంలో నిజంగా మార్పు వచ్చింది నేల మీద కాదు, నీటి మీద. సొమాలియా సముద్రపు దొంగల బెడద పెరిగినప్పుడు 2008 అక్టోబరు నుంచి మన నౌకాదళం గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో పహారా మొదలుపెట్టింది. అప్పటి నుంచి అక్కడ మన యుద్ధనౌక ఉంటూనే ఉంది. అమెరికా, యూరప్ కూటములు పక్కనే పనిచేస్తున్నా భారత్ వాటి ఆజ్ఞల కిందికి వెళ్లకుండా, సమాచారం పంచుకుంటూ, విడిగానే పనిచేసింది. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు ఎర్రసముద్రంలో నౌకల మీద దాడులు మొదలుపెట్టినప్పుడు, డిసెంబరులో అమెరికా ప్రకటించిన కూటమిలో భారత్ చేరలేదు. కాని ఆ పరిసర జలాల్లోకి తన యుద్ధనౌకలను పెద్ద సంఖ్యలో పంపింది. 2024 మార్చిలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా నేతృత్వంలో సుమారు 40 గంటల పాటు సాగిన చర్యలో ‘రూయెన్’ అనే ఓడ మీద ఉన్న 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది నావికులు బయటపడ్డారు. ఆ దొంగలను ముంబయికి తెచ్చి, 2022లో పార్లమెంటు చేసిన సముద్ర దోపిడీ నిరోధక చట్టం కింద పోలీసులకు అప్పగించారు. నేల విషయంలో లేని చట్టం నీటి విషయంలో వచ్చిందన్న సంగతి గమనించండి.

ఇది మనకు దూరపు విషయం కాదు. మన తీరపు చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్య, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఏ రేవులో ఓడ ఎక్కినా, యూరప్ చేరడానికి దగ్గరి దారి ఎర్రసముద్రం, సూయజ్ కాలువ. ఆ దారి మూసుకుంటే ఓడలు ఆఫ్రికా ఖండం చుట్టూ తిరగాలి, కిరాయి పెరగాలి, ఆ బరువు చివరికి చెరువు గట్టు మీది రైతు ధరలో పడాలి. తన వాణిజ్యం నడిచే చోట దేశం చొరవ చూపుతుందని, ఇతరుల అంతర్యుద్ధాల్లో షరతు పట్టుకుని కూర్చుంటుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన విద్యార్థికి దొరకదు.

వెళ్లి వచ్చినవారితో మాట్లాడండి

కనిగిరి వైపు గాని, ఉదయగిరి వైపు గాని, మీ ఎరుకలో శ్రీలంకలోనో ఐరాస దళంలోనో పనిచేసి వచ్చిన మాజీ సైనికుడు ఉంటే తప్పక కలవండి. “పెదనాయనా, అక్కడ ఎంతమందిని చంపారు?” అని మొదలుపెట్టిన కుర్రవాళ్లను చూశాను. అది అడగవలసిన మాట కాదు, ఆ తర్వాత ఆయన నోరు విప్పరు కూడా. “పెదనాయనా, తుపాకీ ఎప్పుడు పేల్చవచ్చని మీకు చెప్పి పంపారు? ఆ మాట మధ్యలో మారిందా?” అని అడగండి. మీ పేజీలోని నాలుగో అంశానికి ఏ పుస్తకంలోనూ దొరకని జవాబు రావచ్చు. ఆయన చెప్పింది ఆయన కంపెనీ అనుభవమని, దేశ విధానం కాదని గుర్తుంచుకుని, ఆ తేడాతోనే వాడుకోండి. పేరు, రెజిమెంటు వివరాలు ఆయన అనుమతి లేకుండా ఎక్కడా రాయకండి.

రాసేటప్పుడు

పేజీలు నిండిన తర్వాత వాటిని తేదీల వరుసలో నేల మీద పరచి, షరతు ఎక్కడ కదిలిందో ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. అప్పుడు మొదటి వాక్యం ఇలా తయారవుతుంది: “భద్రతా మండలి అనుమతి ఉంటే బలప్రయోగానికి కూడా సిద్ధపడే భారత్, 1987లో ఆ అనుమతి లేకుండా శ్రీలంకకు వెళ్లి నష్టపోయిన తర్వాత నేల మీద ఆ షరతును మరింత బిగించుకుంది, 2008 నుంచి సముద్రం మీద మాత్రం స్వతంత్రంగా చొరవ తీసుకుంటోంది.” ఇందులో విశేషణాలు లేవు, ప్రతి భాగానికీ ఒక పేజీ సాక్ష్యంగా ఉంది. దీన్ని ఎవరైనా ఖండించవచ్చు కూడా. ఖండించడానికి వీలున్న వాక్యమే పరీక్షలో నిలుస్తుంది. ఖండించేవారు 2005 జూన్‌లో భారత్, అమెరికా సంతకం చేసిన రక్షణ ఒప్పంద పత్రాన్ని చూపవచ్చు: ఉమ్మడి ప్రయోజనం ఉన్నప్పుడు బహుళదేశ చర్యల్లో కలిసి పనిచేస్తామని అందులో రాసుకున్నారు, ఐరాస ప్రస్తావనను షరతుగా పెట్టలేదని వామపక్షాలు అప్పట్లో తప్పుపట్టాయి. ఈ అభ్యంతరాన్ని దాచకుండా రెండో పేరాలోనే ప్రస్తావించి, ఆ తర్వాత అటువంటి కూటమితో భారత్ తన సైన్యాన్ని ఏ దేశపు నేల మీదికీ పంపలేదని బదులివ్వండి.

అంకెలు వాడేటప్పుడు ఏ తేదీ నాటివో పక్కన రాయండి. ఐరాస శాంతి దళాల్లో ఏ దేశం నుంచి ఎందరు ఉన్నారో సమితి తన వెబ్‌సైటులో క్రమం తప్పకుండా ప్రకటిస్తుంది, ఆ సంఖ్య మారుతూ ఉంటుంది. మన ప్రభుత్వ వైఖరికి విదేశాంగ శాఖ ప్రకటనలు, లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నోత్తరాలు చూడండి. అవి కూడా వెబ్‌సైటుల్లో ఉచితంగా దొరుకుతాయి. మంత్రి ఇచ్చిన లిఖితపూర్వక సమాధానంలో ఒక్క “అయితే” కోసం వెతకండి. షరతు సాధారణంగా ఆ మాట తర్వాతే ఉంటుంది.